పికోయాంపియర్ కొలిచే బల్ల ఒకటి విశాఖలో పెట్టండి

వైద్య పరికరాలు తయారయ్యే ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ నిర్వాహకులకు, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇన్‌స్ట్రుమెంట్ టెక్నాలజీ, బయోకెమిస్ట్రీ విభాగాల పెద్దలకు నమస్కారం.

విశాఖలో కొలత పరికరాలు బాగు చేయడం, అడిగినవాళ్లకు చిన్న చిన్న సర్క్యూట్లు తయారు చేసివ్వడం నా వృత్తి. కాలేజీ ల్యాబుల్లో పీహెచ్ మీటరు మొండికేసినా, కండక్టివిటీ మీటరు తప్పుడు అంకెలు చూపించినా నాకు కబురొస్తుంది. ప్రాజెక్టుల రోజుల్లో ఇంజనీరింగ్ పిల్లలు, డిప్లొమా పిల్లలు నా దగ్గర కూర్చుని పని నేర్చుకుంటారు. ఈ ఉత్తరం వాళ్ల తరఫున కూడా.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. అయాన్ చానళ్లతో పనిచేసే బయోసెన్సర్లకు (జీవ పదార్థాల సాయంతో ఏదైనా పదార్థాన్ని పసిగట్టే పరికరాలకు) కావలసిన ఎలక్ట్రానిక్స్‌ని తక్కువ ఖర్చులో, చేతిలో పట్టుకెళ్లేంత చిన్నగా మన ఊళ్లోనే తయారు చేయొచ్చు. విడిభాగాలు ఆర్డరు పెడితే వారంలో వస్తాయి. సోల్డరింగ్ బాగా వచ్చిన పిల్లలు ఉన్నారు. లేనిదల్లా పికోయాంపియర్ల (ఒక పికోయాంపియర్ అంటే యాంపియర్‌లో లక్ష కోట్లో వంతు) స్థాయి కరెంటుని నమ్మకంగా కొలిచి సరిచూసుకునే చోటు. ఆ చోటుని మీరిద్దరూ కలిసి ఏర్పాటు చేసి, బయటివాళ్లకు తెరిచి ఉంచాలని నా విన్నపం.

ఈ ఉత్తరం మీతో పాటు మామూలు పాఠకులూ చదువుతారు కాబట్టి విషయం కొంచెం వివరంగా చెబుతాను. మన ఒంట్లో ప్రతి కణాన్నీ ఐదారు నానోమీటర్ల మందమున్న కొవ్వు పొర ఒకటి చుట్టి ఉంటుంది. సోడియం, పొటాషియం లాంటి అయాన్లు (విద్యుదావేశమున్న పరమాణువులు) ఆ పొరని నేరుగా దాటలేవు. వాటి కోసం పొరలో ప్రొటీన్లతో అయిన సన్నటి దారులుంటాయి. అవే అయాన్ చానళ్లు. గుండె కొట్టుకోవడం, నరాల్లో సంకేతం పరిగెత్తడం అంతా ఈ దారులు తెరుచుకోవడం, మూసుకోవడం వల్లే. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి నరం మీద పనిచేసి 1952లో దీని లెక్క తేల్చారు, 1963లో నోబెల్ అందుకున్నారు. ఒక్కొక్క చానల్ గుండా పోయే కరెంటుని విడిగా పట్టుకున్నది నెహెర్, సక్‌మన్. అది 1976లో. వాళ్లకు 1991లో నోబెల్ వచ్చింది.

సెన్సర్‌గా దీన్ని వాడుకునే పద్ధతి చెప్పడానికి తేలికే. ఉప్పునీళ్లున్న రెండు చిన్న గదుల మధ్య సన్నటి రంధ్రం, ఆ రంధ్రం మీద కృత్రిమంగా పరిచిన కొవ్వు పొర, ఆ పొరలో ఒక చానల్. రెండు వైపులా తీగలు ముంచి వంద మిల్లీవోల్టులు ఇస్తే చానల్ గుండా అయాన్లు పోతాయి, కరెంటు కనిపిస్తుంది. మనం వెతుకుతున్న అణువు వచ్చి ఆ దారికి అడ్డం పడితే కరెంటు ఒక మెట్టు తగ్గుతుంది, అది వెళ్లిపోతే మళ్లీ పెరుగుతుంది. ఎన్నిసార్లు తగ్గిందో చూస్తే ఆ పదార్థం ఎంత ఉందో, ఎంతసేపు తగ్గి ఉందో చూస్తే అది ఏ పదార్థమో చెప్పొచ్చు. దీనికి రంగులు, లెన్సులు, కెమెరాలు అక్కర్లేదు. జవాబు నేరుగా కరెంటు రూపంలోనే వస్తుంది. నాలాంటి ఎలక్ట్రానిక్స్ మనిషికి ఈ సెన్సర్లంటే ఇంత ఇష్టం ఏర్పడింది అందుకే.

ఇది ఊహల్లో ఉన్న సంగతేమీ కాదు. కృత్రిమ పొరలు 1962 నుంచీ వేస్తున్నారు. ఆల్ఫా హీమోలైసిన్ అనే బ్యాక్టీరియా ప్రొటీన్ రంధ్రం గుండా డీఎన్‌ఏ పోగులు పోవడాన్ని కరెంటులో చూడొచ్చని 1996లో తేలింది. మరుసటి సంవత్సరమే ఆస్ట్రేలియా బృందం ఒకటి గ్రామిసిడిన్ అనే చిన్న చానల్‌ని బంగారు పూత మీద అతికించిన పొరలో పెట్టి బయోసెన్సర్ చేసి చూపించింది. హేగన్ బేలీ అనే రసాయన శాస్త్రవేత్త బృందం 2000లో ఒకే ప్రొటీన్ రంధ్రంతో నీళ్లలోని జింక్, కోబాల్ట్, కాడ్మియం అయాన్లను వేరువేరుగా గుర్తుపట్టింది. అదే దారిలో నడిచిన మినయాన్ అనే డీఎన్‌ఏ చదివే పరికరం 2014లో పరిశోధకుల చేతికి వచ్చింది. అరచేతిలో ఇమిడే ఆ పరికరాన్ని 2015లో గినీ దేశానికి మోసుకెళ్లి, ఎబోలా వైరస్ జన్యుక్రమాన్ని అక్కడే చదివారు.

మినయాన్ ఉండగా మళ్లీ మనమెందుకు అని అడగొచ్చు. దాని చిప్పు వాళ్ల సొంతం. అందులో వాడే ఫ్లో సెల్ (శాంపిలు వేసే, మార్చుకునే భాగం) ఒక్కోటి పదుల వేల రూపాయలు. అది డీఎన్‌ఏ చదవడానికి పుట్టింది, ఆ పని బ్రహ్మాండంగా చేస్తుంది. నీళ్లలో ఒక లోహం ఉందా లేదా, ఒక విషపదార్థం ఉందా లేదా అని చూడటానికి వందల చానళ్ల చిప్పు అక్కర్లేదు. ఒకటో, నాలుగో చానళ్లు చాలు.

ఇక అసలు కష్టం ఎక్కడుందో చూద్దాం. ఒక పికోయాంపియర్ అంటే సెకనుకి సుమారు 62 లక్షల ఎలక్ట్రాన్లు. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ చిన్న ఎల్‌ఈడీ బల్బు తాగే 20 మిల్లీయాంపియర్లతో పోలిస్తే అది రెండు వేల కోట్లో వంతు. ఆల్ఫా హీమోలైసిన్ రంధ్రమైతే గాఢమైన ఉప్పునీళ్లలో వంద మిల్లీవోల్టులకి సుమారు వంద పికోయాంపియర్లు ఇస్తుంది. గ్రామిసిడిన్ ఇచ్చేది రెండో మూడో. షుగరు చూసుకునే గ్లూకోమీటరు అంత చవకగా దొరకడానికి ఒక కారణం, దాని స్ట్రిప్‌లో పుట్టే కరెంటు మైక్రోయాంపియర్లలో ఉండటం. అంటే మనం చూడాల్సినదానికి లక్షల రెట్లు. 2011లో అమెరికాలో ఒక బృందం రసాయన చర్యల్లో పుట్టే కరెంటుని కొలిచే, 80 డాలర్ల లోపు ఖర్చయ్యే చీప్‌స్టాట్ అనే పరికరం డిజైన్ని అందరికీ విడుదల చేసింది. దాన్ని చూసి ప్రపంచమంతా ఎన్నో కాలేజీలు సొంతంగా పరికరాలు కట్టుకున్నాయి. అదీ మైక్రోయాంపియర్ల స్థాయి పనికే. పికోయాంపియర్లకి దిగేసరికి అందరూ లక్షల రూపాయల దిగుమతి ఆంప్లిఫయర్ వైపే చూస్తారు.

సర్క్యూట్ కాగితం మీద చూస్తే అంత ఖరీదు ఎందుకో అర్థం కాదు. మొదటి మెట్టులో ఒక మంచి ఆపాంప్ (సంకేతాన్ని పెంచే చిప్పు), దాని అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి ఒక గిగా ఓము, అంటే వంద కోట్ల ఓముల రెసిస్టరు. ఒక పికోయాంపియర్ వస్తే ఒక మిల్లీవోల్టు బయటికొస్తుంది. ఇన్‌పుట్ దగ్గర 20 ఫెమ్టోయాంపియర్ల లోపే, అంటే పికోయాంపియర్‌లో యాభయ్యో వంతు లోపే లాగే ఆపాంప్‌లు ఈరోజు ఒకటో రెండో వేల రూపాయల్లో దొరుకుతున్నాయి. ఆ రెసిస్టరు తనకు తానుగా పుట్టించే నాయిస్ (అక్కర్లేని చిన్న చిన్న ఒడుదొడుకులు) కూడా లెక్క వేసుకోవచ్చు. గది వేడిమిలో, ఒక కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ దగ్గర అది 0.13 పికోయాంపియర్లు. గ్రామిసిడిన్ మెట్టు అందులో స్పష్టంగా కనబడాలి. ఆ తర్వాత వోల్టేజీని అంకెలుగా మార్చే ఏడీసీ చిప్పు, మైక్రోకంట్రోలరు, బ్యాటరీ. ఇవన్నీ మా పిల్లలు రోజూ వాడేవే.

కాగితం మీద లేనివి మూడున్నాయి. తేమ, యాభై హెర్ట్జ్ హమ్, కెపాసిటెన్స్ (చార్జిని పట్టి ఉంచే గుణం). మూడింటిలోనూ విశాఖలో మనల్ని బాగా సతాయించేది తేమ. అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను.

ఆపాంప్ ఇన్‌పుట్ కాలు పక్కనే ఐదు వోల్టుల సప్లై కాలు ఉందనుకోండి. రెండింటి మధ్య బోర్డు ఉపరితలం మీదుగా పోయే దొంగ కరెంటు ఒక పికోయాంపియర్‌లోపు ఉండాలంటే, అక్కడ కనీసం ఐదు లక్షల కోట్ల ఓముల రెసిస్టెన్స్ ఉండాలి. పొడి గాలిలో, శుభ్రమైన బోర్డు మీద అది కష్టం కాదు. కానీ సోల్డర్ ఫ్లక్స్ మరక మిగిలితే, మీద వేలు పడితే, ఆ వేలి చెమటలోని ఉప్పు సముద్రపు గాలిలోని తేమని పట్టుకుంటుంది. రెసిస్టెన్స్ ఎక్కడికో పడిపోతుంది. పొద్దున్న తెర మీద సున్నా దగ్గర నిలబడ్డ గీత, మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి తిరిగాక మెల్లగా పైకి జరగడం నా బల్ల మీదే చూస్తుంటాను. బోర్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కడిగి, గోరువెచ్చటి ఓవెన్లో గంటల తరబడి ఆరబెట్టాకే అది దారికొస్తుంది. ఆ తర్వాత చేతికి గ్లోవు లేకుండా ముట్టుకోనివ్వను.

కడగడం ఒక్కటే సరిపోదు, బోర్డు గీసేటప్పుడే ఆలోచించాలి. ఇన్‌పుట్ తీగ చుట్టూ ఇంకో రాగి గీత గీసి, దానికి ఇన్‌పుట్ ఏ వోల్టేజీలో ఉందో అదే వోల్టేజీ ఇస్తారు. దీన్నే గార్డ్ రింగ్ అంటారు. పొలం గట్టుకి రెండు వైపులా నీటి మట్టం ఒకటే ఉంటే గట్టుకి గండి ఉన్నా నీరు కదలదు. ఇక్కడా అంతే, రెండు గీతల మధ్య వోల్టేజీ తేడా లేకపోతే తేమ ఎంతున్నా కరెంటు కారదు. ఇన్‌పుట్ తీగని బోర్డు మీద కాకుండా టెఫ్లాన్ దిమ్మె మీద గాలిలో నిలబెట్టడం, పెట్టె లోపల సిలికా జెల్ పొట్లాలు పెట్టడం లాంటివీ ఉన్నాయి. ఇవన్నీ పుస్తకాల్లో రాసిన సంగతులే. అయితే ఏ బోర్డు మెటీరియల్, ఏ పూత, ఎంత వెడల్పు గార్డ్ గీత మన తీరంలో ఆగస్టు నెలలో నిలబడతాయో కొలిచి చూడాల్సిందే. మన దగ్గర ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతం పైనే. ఏసీ ల్యాబులో పాసైన బోర్డు ఫిషింగ్ హార్బర్ దగ్గర పాసవుతుందన్న నమ్మకం నాకు లేదు.

హమ్ సంగతి దీనికంటే తేలిక. గోడలో పోయే 230 వోల్టుల తీగల నుంచి యాభై హెర్ట్జ్ సంకేతం గాలిలోంచే వచ్చి ఇన్‌పుట్ మీద కూర్చుంటుంది. దానికి లోహపు పెట్టె కావాలి. మంచి మూతున్న స్టీలు బియ్యం డబ్బా దీనికి చక్కగా పనికొస్తుంది, ఈ మాట మొహమాటం లేకుండా చెబుతున్నాను. డబ్బాని సర్క్యూట్ గ్రౌండుకి కలిపి, బ్యాటరీతో నడిపి, కొలిచేటప్పుడు బ్లూటూత్ ఆపేసి, కొలత అయ్యాక డేటా ఫోనుకి పంపిస్తే సగం గొడవ తగ్గుతుంది. ఫోను చార్జరు తగిలించి మాత్రం కొలవకూడదు.

కెపాసిటెన్స్ దగ్గరికొచ్చేసరికి ఎలక్ట్రానిక్స్ మనిషి, బయాలజీ మనిషి ఒకే బల్ల దగ్గర కూర్చోక తప్పదు. కొవ్వు పొర ఒక కెపాసిటర్. చదరపు సెంటీమీటరుకి అర మైక్రోఫారడ్ ప్రాంతంలో ఉంటుంది. రంధ్రం వ్యాసం 150 మైక్రాన్లయితే వంద పికోఫారడ్ల దాకా వస్తుంది. ఆంప్లిఫయర్ వోల్టేజీ నాయిస్ ఈ కెపాసిటెన్స్‌తో కలిసి కరెంటు నాయిస్‌గా మారుతుంది, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఎక్కువవుతుంది. రంధ్రం చిన్నది చేస్తే నాయిస్ తగ్గుతుంది, కానీ పొర వెయ్యడం, చానల్ దిగడం ఆలస్యమవుతాయి. రంధ్రం సైజు తేల్చకుండా ఎంత మంచి సర్క్యూట్ గీసినా వృథా. మన కాలేజీల్లో ఈ రెండు డిపార్ట్‌మెంట్లు వేరు వేరు బిల్డింగుల్లో ఉంటాయి, పిల్లలు ఒకరి ల్యాబులోకి ఒకరు వెళ్లరు.

ఈ కెపాసిటెన్స్ మనకి మేలు కూడా చేస్తుంది. టెఫ్లాన్ షీటు మీది రంధ్రానికి సన్నటి బ్రష్షుతో, డెకేన్ అనే ద్రావకంలో కరిగించిన లిపిడ్‌ని, అంటే కొవ్వుని రాస్తున్నప్పుడు పొర ఏర్పడిందో లేదో కంటికి తెలియదు. త్రికోణాకారపు వోల్టేజీ ఇస్తే తెర మీద చతురస్రాకారపు కరెంటు వస్తుంది. పొర పలచబడేకొద్దీ ఆ చతురస్రం పొడుగవుతుంది. సెకనుకి ఒక వోల్టు చొప్పున ఎక్కించి దింపితే, వంద పికోఫారడ్ల పొర వంద పికోయాంపియర్లు చూపిస్తుంది. అప్పుడు గ్రామిసిడిన్ ద్రావణం ఒక చుక్క వేసి ఎదురు చూడాలి. కాసేపటికి గీత ఉన్నట్టుండి ఒక మెట్టు ఎక్కి, సెకనో అరసెకనో నిలబడి, దిగుతుంది. రెండు చానళ్లు ఒకేసారి తెరుచుకుంటే రెండు మెట్లు. పొరకి ఈ వైపున్న సగం అణువు, ఆ వైపున్న సగం అణువు ఎదురెదురుగా కలిసినప్పుడు దారి తెరుచుకుంటుంది, విడిపోతే మూసుకుంటుంది. ఒక్క అణువు చేసే పని అలా కళ్లముందు కనబడుతుంటే పిల్లల ముఖాలు చూడాలి. మార్కుల కోసం వచ్చిన కుర్రాడు కూడా ఆ రోజు ఇంటికి వెళ్లనంటాడు.

గ్రామిసిడిన్‌తోనే మొదలుపెట్టాలని నేననడానికి కారణాలున్నాయి. అది కంటి చుక్కల మందుల్లో వాడే యాంటీబయాటిక్, కొనడం తేలిక, జాగ్రత్తలు తక్కువ. మెట్లు నెమ్మదిగా వస్తాయి కాబట్టి చవక సర్క్యూట్ అందుకోగలదు. డీఎన్‌ఏ ఒకే ఊపులో రంధ్రం దాటేస్తే ఒక్కో అక్షరానికి మైక్రోసెకన్లే, దానికి వంద కిలోహెర్ట్జ్ కావాలి, అక్కడ చవక అనే మాటకి చోటు లేదు. సెకన్లలో, మిల్లీసెకన్లలో జరిగే పనులనే ఎంచుకుంటే ఖర్చు దానంతటదే దిగొస్తుంది. ఎలక్ట్రోడ్లకి వన్ టౌన్‌లో కంసాలి దగ్గర కొన్న స్వచ్ఛమైన వెండి తీగ చాలు. అరగంట బ్లీచ్‌లో నానబెడితే సిల్వర్ క్లోరైడ్ పూత పట్టి బూడిద రంగుకి తిరుగుతుంది. ఆ పూత లేకపోతే సున్నా నిలబడదు.

ఇంకొకటి, రక్తం కంటే ముందు నీళ్లు తీసుకుందాం. రక్తపరీక్ష పరికరమంటే 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న వైద్య పరికరాల నియమాల కిందికి వస్తుంది. ప్రమాదాన్ని బట్టి ఎ, బి, సి, డి తరగతులు, లైసెన్సులు, క్లినికల్ రుజువులు ఉంటాయి. ఆ నియమాలు ఉండి తీరాలి, ఎందుకంటే తప్పుడు రిపోర్టు మనిషి ప్రాణం మీదికి తెస్తుంది. కానీ నేర్చుకునే దశలో ఉన్న పిల్లలు ఆ గుమ్మం ముందే ఆగిపోకూడదు. బోరు నీళ్లలో, చెరువు నీళ్లలో కాడ్మియం, జింక్ ఉన్నాయేమో చూసే పరికరానికి ఆ లైసెన్సు అక్కర్లేదు. ఫ్యాక్టరీల పక్క ఊళ్లలో ఈ ప్రశ్న జనం అడుగుతూనే ఉన్నారు. శాంపిలు ల్యాబుకి పంపి రోజుల తరబడి చూడకుండా, బోరు దగ్గరే నిలబడి ముందస్తు కబురు చెప్పగలిగితే, ఏ బోరు నీళ్లు ల్యాబుకి పంపాలో తేలుతుంది. ల్యాబు రిపోర్టుకి బదులుగా దీన్ని వాడమని నేననను. రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు చూడటం, పాడేరు వైపు ఆరోగ్య కేంద్రాల్లో రోగ పరీక్షలు చేయడం నాకూ ఆశ ఉన్న పనులే. అవి ఇంకా పరిశోధన దశలో ఉన్నాయి. చేసి చూపించకముందే జనానికి మాటివ్వడం నాకిష్టం లేదు.

పరికరం ఏజెన్సీకి వెళ్లాలంటే పొర కూడా వెళ్లాలి. బ్రష్షుతో రాసిన పొర జీపు కుదుపులకి నిలవదు. లారీ శబ్దానికే వణుకుతుంది, ఆ వణుకు కూడా కరెంటులో కనబడుతుంది. అందుకే నూనెలో రెండు నీటి బిందువులని ఆనించి వాటి మధ్య పొర పుట్టించే పద్ధతి, బంగారు పూతకి అతికించే పద్ధతి వచ్చాయి. త్వరగా పాడవని లిపిడ్లూ ఉన్నాయి. ఈ పని బయోకెమిస్ట్రీ వాళ్లది. వాళ్లకి పక్కన నమ్మకమైన ఆంప్లిఫయర్ ఉంటే వేగంగా సాగుతుంది.

ఇప్పుడు మన దగ్గర ఏం జరుగుతోందో చెప్పాలి. పేరు చెప్పను గానీ, ఒక కాలేజీలో లక్షలు పోసి తెప్పించిన ఆంప్లిఫయర్ ప్లాస్టిక్ కవరు కింద నిద్రపోతోంది. స్టాటిక్ విద్యుత్తు తగిలి ముందు భాగం కాలిపోయింది. రిపేరుకి విదేశం పంపాలి, కస్టమ్స్ కాగితాలు కావాలి, వార్షిక కాంట్రాక్టు గడువు అప్పటికే దాటిపోయింది. లోపల ఏముందో చూస్తానంటే సీలు విప్పొద్దన్నారు. ఆ డిపార్ట్‌మెంటులో పరిశోధన చేస్తున్న అమ్మాయి తన అంశమే మార్చుకుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే. మన చేత్తో కట్టిన పరికరమైతే, సరిగ్గా అంత గొప్పది కాకపోయినా, కాలిపోయిన చిప్పు తీసి సాయంత్రానికల్లా కొత్తది వేసుకునేవాళ్లం.

బెంగళూరులో, హైదరాబాదులో మంచి ల్యాబులున్నాయి, అక్కడికి వెళ్లొచ్చు కదా అంటారు. పరిశోధకులు వెళ్తారు. డిప్లొమా కుర్రాడు వెళ్లలేడు. పైగా మన తేమ అక్కడ దొరకదు.

కాబట్టి నేనడిగేది ఇదీ. మెడ్‌టెక్ జోన్‌లో గానీ, యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో గానీ కింది అంతస్తులో, లిఫ్టులకి, ఏసీ మోటార్లకి దూరంగా చిన్న గది ఒకటి ఇవ్వండి. చుట్టూ రాగి జాలీ వేయించండి. ఒక గిగా ఓము, పది, వంద గిగా ఓముల ప్రామాణిక రెసిస్టర్లు, నమ్మదగిన చిన్న కరెంటు సోర్సు ఒకటి పెట్టండి. వాటి కాలిబ్రేషన్ ఢిల్లీ నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ ప్రమాణాలతో ముడిపడి ఉండాలి. మంచి కంపెనీ ఆంప్లిఫయర్ ఒక్కటి ఉంచితే, ఒకే పొర మీద, ఒకే రోజున మా బోర్డునీ దాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటాం. తేమని 90 శాతం దాకా పెంచగల చిన్న చాంబరు కావాలి. లిపిడ్లకి ఫ్రీజరు, క్లోరోఫామ్ వాడటానికి ఫ్యూమ్ హుడ్ కావాలి. వీటిలో చాలావరకు మీ ఇద్దరి దగ్గరా వేరు వేరు గదుల్లో ఇప్పటికే ఉన్నాయనుకుంటాను. మెడ్‌టెక్ జోన్‌లో విద్యుదయస్కాంత పరీక్షల సదుపాయం ఉంది. యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ ఉంది. కొత్తగా కొనాల్సిన దానికంటే ఒకచోటికి చేర్చాల్సినదే ఎక్కువ.

అన్నిటికంటే ముఖ్యం మనిషి. గదికి తాళం వేసి, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియని పరిస్థితి రాకూడదు. పొర వెయ్యడం, బోర్డు కడగడం రెండూ తెలిసిన టెక్నీషియన్ ఒకరు, కనీసం ఒకరు, ఆ గదిలోనే పనిచేయాలి. జీతం పరికరం ఖరీదులో భాగమని లెక్కగట్టి మంజూరు చేయండి. పరికరానికి డబ్బు పుట్టి మనిషికి పుట్టకపోవడం నేను చాలాచోట్ల చూశాను. విద్యార్థులకు గంటల లెక్కన, వాళ్లు భరించగల రుసుము పెట్టండి. కంపెనీలకు ఎక్కువ పెట్టండి, న్యాయమే.

ఆ బల్ల మీద తయారైన మొదటి మెట్టు ఆంప్లిఫయర్ డిజైన్ని, బోర్డు డ్రాయింగుని, విడిభాగాల ధరలని, తేమలో తీసిన కొలతలని అందరికీ తెలుగులో, ఇంగ్లీషులో ఇచ్చేయాలి. ఏ పూత ఏ తేమ దగ్గర చేతులెత్తేసిందో కూడా అందులో ఉండాలి. వ్యాపారం చేయాలనుకునేవాళ్లు చానల్ కెమిస్ట్రీలో, క్యాట్రిడ్జిలో తమ సొంతం నిలుపుకోవచ్చు. కరెంటు కొలిచే సర్క్యూట్ మాత్రం ఉమ్మడిగా ఉంటే కాకినాడలో, శ్రీకాకుళంలో ఇంకో కాలేజీ మళ్లీ మొదటి నుంచీ తంటాలు పడక్కర్లేదు. 2020లో కోవిడ్ వచ్చిన మొదటి నెలల్లో మెడ్‌టెక్ జోన్ వెంటిలేటర్లు, టెస్టు కిట్లు తయారు చేయించి దేశానికి పంపింది. 1926లో మొదలైన విశ్వవిద్యాలయం తరతరాల ఇంజనీర్లని ఇచ్చింది. ఈ గది మీకు భారం కాదనే ధైర్యంతోనే రాస్తున్నాను.

జూన్‌లో వానలు మొదలవుతాయి. ఈలోపు గది చూపిస్తే, మిగతా సామాను వచ్చేలోగానే తేమ పరీక్షలు మొదలుపెట్టొచ్చు. వాటికి పొర అక్కర్లేదు, బోర్డు, స్టీలు డబ్బా, ప్రామాణిక రెసిస్టరు చాలు. అక్టోబరు దాకా పోతే ఏ బోర్డు నిలబడుతుందో తేలుతుంది. నా దగ్గరున్న డ్రాయింగులు, ఖాళీ బోర్డులు, లీకేజీ రాసుకున్న నోటు పుస్తకాలు తెచ్చిస్తాను. వారంలో రెండు సాయంత్రాలు వచ్చి పిల్లలతో కూర్చుంటాను, దానికి నాకేమీ ఇవ్వక్కర్లేదు. మీలో ఎవరిని కలవాలో, ఏ రోజు రావాలో చెప్పండి.

ఇట్లు,
కొలత పరికరాల పని చేసుకునే ఒక విశాఖవాసి